పుస్తకంతో బెంగాలీ వస్తుందా?

(బాబాయి ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఉద్యోగం చేసి, రిటైరయ్యాక శ్రీకాకుళం వచ్చేశారు. అమ్మాయి ఆయన అన్నగారి కూతురు, విజయనగరంలో బ్యాంకు ఉద్యోగి. పుస్తకాలు ముందు పెట్టుకుని సొంతంగా బెంగాలీ నేర్చుకుంటోంది. పండక్కి వచ్చినప్పుడు ఇద్దరి మధ్య నడిచిన వాదన ఇది.)

బాబాయి: మాట్లాడేవాళ్ళు చుట్టుపక్కల ఒక్కరూ లేరు. పుస్తకం ముందేసుకుని కూర్చుంటే భాష వస్తుందా అమ్మలూ? అక్షరాలు వచ్చాయని మురిసిపోయి, ఆ తర్వాత పుస్తకం అటకెక్కించినవాళ్ళని చాలామందిని చూశాను.

అమ్మాయి: వాళ్ళకి ఆ పుస్తకం మీద ఆశ లేదేమో బాబాయ్. మనింట్లో బెంగాలీ రచయిత శరత్ నవలల తెలుగు అనువాదాలు అట్టలు ఊడేదాకా చదివాం. అవి బెంగాలీలో చదవాలని నా కోరిక. అనువాదం చేసిన చక్రపాణి గారు బెంగాలీ నేర్చుకున్నారు కాబట్టే కదా ఆ నవలలు మనదాకా వచ్చాయి?

బాబాయి: ఆయన పేరెత్తావు కాబట్టి పూర్తిగా చెప్పు. మదనపల్లె శానిటోరియంలో క్షయకి వైద్యం చేయించుకుంటూ, అక్కడే ఉన్న ఒక బెంగాలీ ఆయన దగ్గర నేర్చుకున్నారు. పక్కన మనిషి ఉన్నాడు. నీ పక్కన ఎవరున్నారు?

అమ్మాయి: ఎవరూ లేరు. అలాంటి మనిషి దొరికేదాకా ఆగాలంటే నేను ఈ జన్మకి మొదలుపెట్టను. రాత్రి భోజనాలయ్యాక ఓ అరగంట దొరుకుతుంది నాకు. ఆ టైములో ఫోన్ చేస్తే పలికే బెంగాలీవాళ్ళు లేరు, పుస్తకం ఉంది.

బాబాయి: సరే, పుస్తకం ఉంది. అందులో ఉన్నది ఉన్నట్టు చదివితే ఏమవుతుందో తెలుసా? రాసేది ‘లక్ష్మి’, పలికేది ‘లొక్ఖి’. రాసేది ‘ఆత్మా’, పలికేది ‘ఆత్తా’. ‘విశ్వాస్’ అని రాసింది నోట్లోకొచ్చేసరికి ‘బిశ్శాశ్’ అవుతుంది. మనకి సంస్కృతం మాటలన్నీ అలవాటే కాబట్టి కన్ను టకటకా గుర్తుపట్టేస్తుంది. చెవికి మాత్రం ఒక్క ముక్కా అందదు. తెలుగువాడికి అసలు చిక్కు ఇక్కడే. తమిళుడి కంటే ఎక్కువ తెలుసని అనుకుంటాడు, హౌరా స్టేషన్లో దిగాక నోరు తెరుచుకుని నిలబడతాడు.

అమ్మాయి: ఇది మాత్రం నిజం, కాదనను. అందుకే చదివిన కథకి ఆడియో దొరికితే అక్షరాల మీద వేలు పెట్టుకుంటూ వింటున్నాను. కానీ కన్నుకి ముందే తెలిసిన మాట కాబట్టే చెవి దాన్ని పట్టుకోగలుగుతోంది. ఏమీ చదవకుండా విని ఉంటే నాకు అదంతా గోల కింద ఉండేది.

బాబాయి: నేను గోలలోంచే నేర్చుకున్నాను. వర్క్‌షాపులో పనిముట్టు కావాలంటే అడగాలి, బజారులో చేపల బేరం ఆడాలి. అవసరం మెడ మీద కూర్చుంటే పట్టుదల గురించి ఆలోచించే తీరికే ఉండదు. నీకు అవసరం లేదు. నేర్చుకోకపోతే నీకు ఆగిపోయేదేమీ లేదు. అందుకే నాకు నీ మీద బెంగ.

అమ్మాయి: కోపం తెచ్చుకోనంటే ఒక మాటంటాను. మీ అవసరం బజారులో తీరిపోయింది, మీ బెంగాలీ కూడా అక్కడే ఆగిపోయింది. అన్నేళ్ళు అక్కడున్నారు, ఒక్క కథ చదివారా?

బాబాయి: చదవలేదు. బస్సు బోర్డు మీద అంకెలు చదివేవాణ్ణి, అంతే. అక్కడి నాలుగు మనకి ఎనిమిదిలా కనిపిస్తుంది, ఏడేమో తొమ్మిదిలా ఉంటుంది. కొత్తగా వచ్చిన మనవాళ్ళకి ముందు అది చెప్పేవాళ్ళం. అయినా కథ చదవకపోతేనేం? నా భాష ఇప్పటికీ బతికే ఉంది. నీది పేజీ మూస్తే ఉండదు.

అమ్మాయి: ఉంటోంది బాబాయ్. నేను మొదట విద్యాసాగర్ ‘వర్ణపరిచయ్’ పట్టుకున్నాను. 1855లో వచ్చిన వాచకం, ఇప్పటికీ చాలామంది పిల్లలు దాంతోనే అక్షరాలు దిద్దుతారు. మనకి ఎత్వం అక్షరం నెత్తిన ఉంటుంది, వాళ్ళకి హల్లుకి ముందొస్తుంది. ఓత్వమైతే అటో ముక్క, ఇటో ముక్క. ఆ తలకట్టు గీత కింద వేలాడే ఒత్తులతో కొన్నాళ్ళు కుస్తీ పట్టాను. మీరన్న అటకెక్కించే రోజులు ఆ తర్వాతే వచ్చాయి. అక్షరాలు వచ్చేశాయి, వాక్యం రాదు. ఎంత చదివినా ముందుకెళ్తున్నట్టు ఉండదు. అప్పుడు నవల పక్కన పెట్టి, ఉపేంద్రకిశోర్ రాయ్‌చౌధురి పిల్లల కథలు తీశాను, 1910 నాటివి. ఇంటి వెనక వంగచెట్టు, దాని ఆకులు ముక్కుతో కుట్టి గూడు కట్టుకున్న టున్‌టుని పిట్ట, ఆ పిట్ట పిల్లల మీద కన్నేసిన పిల్లి. పిల్లి ఏం చేస్తుందో తెలుసుకోవాలని పేజీ తిప్పాను. ఆ రోజు నేను పాఠం చదవలేదు, కథ చదివాను. ఇప్పుడు నన్ను లాగుతున్నది అదే.

బాబాయి: తెలియని మాటలొస్తే?

అమ్మాయి: పెన్సిల్‌తో గీత పెట్టి వదిలేస్తాను. మళ్ళీ మళ్ళీ ఎదురైతే అప్పుడు నిఘంటువు తీస్తాను. ప్రతి మాటకీ తీస్తే కథ చచ్చిపోతుంది, దాంతోపాటు ఉత్సాహమూ పోతుంది. మనసు బాగాలేని రోజు పాత కథే మళ్ళీ చదువుతాను. అప్పట్లో గీతలు పెట్టిన చోట ఇప్పుడు ఆగకుండా వెళ్ళిపోతుంటే ఎంత ధైర్యంగా ఉంటుందో. పైగా వాక్యం నడక మనదే. క్రియ చివరికే వస్తుంది. మనం ‘టీ గీ’ అంటే వాళ్ళు ‘చా టా’ అంటారు.

బాబాయి: అది బాగుంది. కానీ నువ్వు మళ్ళీ శరత్ దగ్గరికే వెళ్తావు, నాకు తెలుసు. ఆయన చాలా నవలల్లో సంభాషణలు వాడుక భాషలోనే ఉన్నా, కథనం సాధుభాషలో ఉంటుందని మా ఆఫీసులో బెంగాలీవాళ్ళు చెప్పేవారు. ‘చేస్తున్నాను’ అనడానికి జనం ‘కొర్ఛి’ అంటే, సాధుభాషలో ‘కొరితేఛి’. మన గ్రాంథికం గొడవ లాంటిదే వాళ్ళకీ నడిచింది. 1914లో ప్రమథ చౌధురి ‘సబుజ్ పత్ర’ అనే పత్రిక పెట్టి వాడుక భాష కోసం పట్టుబట్టాడు, టాగూరు కూడా అటే మొగ్గాడు. నువ్వు వెనక్కెళ్ళి ఆ పాత భాష నేర్చుకుని ఎవరితో మాట్లాడతావు?

అమ్మాయి: శరత్‌తో.

బాబాయి: చూశావా, మాట్లాడటం నీ లెక్కలోనే లేదు!

అమ్మాయి: ఇప్పటికి లేదు. చదవడం కోసం భాష నేర్చుకోవడం తక్కువ పనా? మన తాతలు సంస్కృతం ఎవరితో బేరమాడాలని నేర్చుకున్నారు?

బాబాయి: సంస్కృతం సంగతి వేరు. బెంగాలీ మాట్లాడే జనం కోట్ల మంది ఉన్నారు, ఖరగ్‌పూర్ రైలెక్కితే రేపు పొద్దున్నకి వాళ్ళ మధ్యన ఉంటావు. బతికున్న భాషని కాగితం మీదే ఉంచేయడం నాకు నచ్చదు. ఏదీ, ఆ పిట్ట కథ పైకి చదువు.

అమ్మాయి: ‘గృహస్థేర్ ఘరేర్...’

బాబాయి: ఆగు. ‘ఘరేర్’ కాదు, ‘ఘొరేర్’. పెదాలు గుండ్రంగా పెట్టు. ఊఁ, కానీ.

అమ్మాయి: ‘ఘొరేర్ పిఛనే బేగున్ గాఛ్...’

బాబాయి: ఇప్పుడు తెలిసింది, ఇంటి వెనక వంగచెట్టు. ఆదివారాలు ఫోన్ చేసి ఒక పేజీ చదువు. తప్పొచ్చిన చోట ఆపుతాను. శరత్ మాత్రం వద్దు, ముందు నేటి భాషలో రాసినవాళ్ళని చదువు.

అమ్మాయి: ఆదివారం పిట్ట కథలే చదువుతాను. మిగతా రోజులు శరత్ దగ్గరే ఉంటాను బాబాయ్, దానికి మీరు అడ్డు చెప్పకండి.

బాబాయి: చెప్తాను. ప్రతి ఆదివారం చెప్తాను.