సవరణ: 476లో ముగిసింది పశ్చిమ రోమన్ పాలన మాత్రమే

చరిత్ర యుగాల గురించి ఇంతకుముందు రాసిన వ్యాసంలో, "క్రీ.శ. 476లో రోమన్ సామ్రాజ్యం అంతరించడంతో ప్రపంచమంతటా మధ్యయుగం మొదలైంది" అని పేర్కొన్నాను. అది పొరపాటు.

ఆ ఏడాది సెప్టెంబరులో సేనాని ఒడొయేకర్ పదవి నుంచి తొలగించిన రోములస్ అగస్టులస్ పశ్చిమ భాగానికి మాత్రమే చక్రవర్తి. చిన్నవాడన్న జాలితో అతణ్ణి ప్రాణాలతో విడిచిపెట్టి, రాజచిహ్నాలను తూర్పు భాగపు రాజధాని కాన్‌స్టాంటినోపుల్‌లోని చక్రవర్తి జీనోకు పంపించారు. తూర్పు భాగం 1453 మే 29 వరకు నిలిచింది. అక్కడివారు చివరిదాకా తమను రోమన్లుగానే చెప్పుకున్నారు. ఆ తూర్పు సామ్రాజ్యానికి "బైజాంటైన్" అన్నది తర్వాతి పండితులు వాడుకలోకి తెచ్చిన పేరు.

ఇంతకన్నా పెద్ద తప్పు "ప్రపంచమంతటా" అనడం. ప్రాచీన, మధ్య, ఆధునిక యుగాలనే విభజన యూరప్ పండితులు తమ చరిత్రను అర్థం చేసుకోవడానికి ఏర్పరచుకున్నది. 17వ శతాబ్దం చివర్లో జర్మన్ పండితుడు సెలారియస్ రచనల ద్వారా అది పాఠ్యగ్రంథాల్లో స్థిరపడింది. 618 నుంచి 907 వరకు చైనాను ఏలిన తాంగ్ వంశానికి గానీ, 762లో బాగ్దాద్ నిర్మాణానికి పూనుకున్న అబ్బాసీయ వంశపు ఖలీఫాలకు గానీ 476 ఒక మలుపు కానే కాదు.

కాబట్టి ఆ వాక్యాన్ని ఇలా చదువుకోవాలని కోరుతున్నాను: "పశ్చిమ యూరప్ చరిత్రలో మధ్యయుగానికి ఆరంభంగా 476ను చాలామంది చరిత్రకారులు సౌలభ్యం కోసం ఎంచుకున్నారు."