పూర్వ విద్యార్థికి వేదిక ఉంది, ఓటు లేదు

1926లో మొదలైన ఆంధ్ర విశ్వవిద్యాలయం వందేళ్ళ పండుగ సందర్భంగా పూర్వ విద్యార్థుల సంఘాల ప్రస్తావన మళ్ళీ ముందుకు వచ్చింది. విశ్వవిద్యాలయాల అధికారులైనా, మంత్రులైనా ఈ సంఘాల గురించి మాట్లాడేటప్పుడు చివరికి చేరేది విరాళాల దగ్గరికే. చదివించిన సంస్థ రుణం తీర్చుకోవాలన్న పిలుపులో తప్పేమీ లేదు. కానీ ఏ జీతమూ తీసుకోకుండా, సొంత సమయం వెచ్చించి ఈ సంఘాలను నడుపుతున్న అధ్యక్ష కార్యదర్శులను, కోశాధికారులను మన విశ్వవిద్యాలయ వ్యవస్థ చందాలు వసూలు చేసి తెచ్చే మనుషులుగా మాత్రమే చూస్తోంది. విశ్వవిద్యాలయ పాలనలో చట్టబద్ధమైన స్థానం పొందే హక్కు వారికి ఉందని, ఒకప్పుడు ఉన్న ఆ స్థానాన్ని తిరిగి ఇవ్వాలని ఈ వ్యాసం వాదన.

నాకు బాగా తెలిసిన ఒక సంఘ కార్యదర్శి ఉన్నారు. లెక్చరర్‌గా పదవీ విరమణ చేసిన ఆయన, తన బ్యాచ్ వాళ్ళను కూడగట్టి, తాము చదువుకున్న విశ్వవిద్యాలయం హాస్టల్‌లో మంచినీటి ఆర్వో ప్లాంటు పెట్టించారు. గోడకు నల్లరాతి శిలాఫలకం, దాని మీద బ్యాచ్ సంవత్సరం, ప్రారంభించిన పెద్దల పేర్లు బంగారు రంగు అక్షరాల్లో ఉన్నాయి. రెండో వేసవికే కుళాయిలో ధార సన్నబడింది. ఫిల్టర్లు మార్చే బాధ్యత ఎవరిదో ఏ కాగితం మీదా రాసి లేదు. వార్డెన్ ఇంజనీరింగ్ విభాగాన్ని చూపించారు, ఇంజనీరింగ్ విభాగం అందుకు బడ్జెట్‌లో పద్దు లేదన్నది. అప్పటి నుంచి రెండు నెలలకోసారి ఆయనే స్కూటర్ మీద అట్టపెట్టెలో ఫిల్టర్ క్యాండిళ్ళు తీసుకొని వస్తున్నారు. ఒకసారి నేనూ వెంట వెళ్ళాను. విప్పి తీసిన క్యాండిల్ బెల్లం పాకం రంగులో ఉంది. కొత్తది బిగించి, గొట్టం మీద తెల్ల ప్లాస్టర్ ముక్క అంటించి, బాల్‌పెన్నుతో ఆ రోజు తేదీ వేశారు. దాని కింద పాత తేదీల ప్లాస్టర్లు ఆరు ఉన్నాయి. నిర్వహణకు ఒక పద్దు కేటాయించాలని పాలకమండలిని కోరుతూ ఆయన ఉత్తరం రాశారు. ఆ సమావేశం ముందు అంశాన్ని ఉంచే అధికారం సంఘానికి లేదన్న జవాబు నోటిమాటగా వచ్చింది.

ఆ ఆరు ప్లాస్టర్ ముక్కల్లో ఉన్న సమాచారం విశ్వవిద్యాలయంలోని ఏ దస్త్రంలోనూ లేదు. ఎప్పుడు నీరు ఆగింది, ఎంత ఖర్చయింది, ఎవరు బాధ్యత తీసుకోలేదు అన్నవన్నీ తెలిసిన మనిషికి కుర్చీ దొరికేది వార్షికోత్సవ వేదిక మీద, అదీ శాలువా కప్పే వరకే. ఉన్నత విద్యాసంస్థల నాణ్యతను మదింపు చేసే జాతీయ సంస్థ నాక్ గుర్తింపు పద్ధతి కూడా ఈ చూపునే స్థిరపరిచింది. ఇన్నేళ్ళుగా అమలైన ఆ ప్రమాణాల్లో పూర్వ విద్యార్థుల పాత్రకు వెయ్యి మార్కులలో కేటాయించినవి 10. అక్కడ అడిగేది సంఘం రిజిస్టరు అయిందా, ఐదేళ్ళలో ఎన్ని లక్షలు ఇచ్చింది అన్నదే. ఇచ్చిన డబ్బు ఏమైందో అడిగే హక్కు సంఘానికి ఉందా అని ఏ ప్రశ్నావళీ అడగదు.

ఈ పరిస్థితి మొదటి నుంచీ ఉన్నది కాదు. వలస ప్రభుత్వం 1904లో తెచ్చిన విశ్వవిద్యాలయాల చట్టం స్వయంప్రతిపత్తికి సంకెళ్ళు వేసిందని జాతీయవాదులు తీవ్రంగా విమర్శించారు. ఆ చట్టం కూడా కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాల పాలక సభలైన సెనేట్‌లకు కొంతమందిని ఎన్నుకునే హక్కును రిజిస్టర్డ్ గ్రాడ్యుయేట్లకు, అంటే విశ్వవిద్యాలయ జాబితాలో పేరు నమోదు చేయించుకున్న పట్టభద్రులకు, ఇచ్చింది. అదే సంప్రదాయం ఆంధ్ర విశ్వవిద్యాలయ సెనేట్‌కూ వచ్చింది. పట్టభద్రుల నియోజకవర్గం నుంచి సెనేట్‌కు ఎన్నిక కావడాన్ని ఆనాటి ప్లీడర్లు, ఉపాధ్యాయులు, పత్రికా రచయితలు గౌరవంగా భావించేవారు. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయలు ఇచ్చి సైన్స్ కళాశాలను నిలబెట్టారు, ఆ కళాశాలకు ఆయన పేరు పెట్టారు. దాతకు ఆ గౌరవం దక్కడం న్యాయమే. అయితే ఆ రోజుల్లో దాత గౌరవం దాతకు ఉండగా, నయాపైసా ఇవ్వలేని పట్టభద్రుడికి కూడా ఓటు ఉండేది. 1991 నాటి విశ్వవిద్యాలయాల చట్టం కింద పాలకమండళ్ళు ప్రభుత్వ నామినేషన్లతో నిండుతున్నాయి. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ కూడా ఆ చట్టాన్నే తనదిగా చేసుకుంది. పట్టభద్రుడి ఓటు పోయిన సంగతి మీద ఆ తర్వాత పెద్ద చర్చ కూడా జరగలేదు.

ఐఐటీలను చూసి నేర్చుకోండి అని మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల సంఘాలకు తరచుగా చెబుతారు. 2023లో నందన్ నీలేకని ఐఐటీ బొంబాయికి 315 కోట్ల రూపాయలు ప్రకటించారు. 2024లో మన తెలుగువారైన చివుకుల కృష్ణ ఐఐటీ మద్రాసుకు 228 కోట్లు ఇచ్చారు. ఇవి గొప్ప దానాలు, సందేహం లేదు. కానీ శ్రీకాకుళం, విజయనగరం, నల్లగొండ, పాలమూరు పల్లెల నుంచి వచ్చి ఫీజు రాయితీతో చదువుకున్నవారి సంఘాన్ని ఆ కొలతతో కొలవడం అన్యాయం. మన సంఘాలలో ఎక్కువమంది బడిపంతుళ్ళు, బ్యాంకు గుమాస్తాలు, తహసీల్దారు కార్యాలయ ఉద్యోగులు, చిన్న లాయర్లు. వాళ్ళు ఇవ్వగలిగింది కోట్లు కాదు. ఆదివారం పూట వచ్చి ఉద్యోగ పరీక్షలకు శిక్షణ ఇస్తారు, మెస్ బిల్లు కట్టలేక ఇంటికి వెళ్ళిపోవాలనుకుంటున్న పిల్లవాడి కోసం పది మందికి ఫోన్లు చేస్తారు, ఊరు మారిన సభ్యుల చిరునామాలు ఒక్కొక్కటే వెతికి పట్టుకుంటారు. మాట చెల్లుబాటు చెక్కు మీది అంకెను బట్టి ఉంటే, వీళ్ళు ఎన్నటికీ మాట్లాడలేరు. కోటి ఇచ్చిన పారిశ్రామికవేత్తకు వీసీ గది తలుపు ఎలాగూ తెరుచుకుంటుంది, ఆయనకు ఎన్నికతో పని లేదు. ఎన్నిక అవసరమైనది స్కూటర్ మీద క్యాండిళ్ళు తెచ్చే మనిషికి.

రాజ్యాంగం ఇందులో మనకు తోడుగా ఉంది. 171వ అధికరణం ప్రకారం శాసనమండలిలో పన్నెండో వంతు సభ్యులను, డిగ్రీ పూర్తయి కనీసం మూడేళ్ళయిన పట్టభద్రులు ఎన్నుకుంటారు. 2025 ఫిబ్రవరి 27న రెండు తెలుగు రాష్ట్రాలలోనూ ఈ స్థానాలకు పోలింగ్ జరిగింది. అంటే, నా పట్టాను చూసి రాష్ట్రానికి చట్టాలు చేసే సభకు ప్రతినిధిని ఎన్నుకునే యోగ్యత నాకు ఉందని రాజ్యాంగం ఒప్పుకుంది. ఆ పట్టా ఇచ్చిన విశ్వవిద్యాలయం మాత్రం, తన హాస్టళ్ళ గురించి, గ్రంథాలయం గురించి, ఖాళీగా ఉన్న అధ్యాపక పోస్టుల గురించి మాట్లాడే ఒక్క ప్రతినిధిని కూడా ఎన్నుకునే అవకాశం నాకు ఇవ్వదు. హార్వర్డ్ పర్యవేక్షక మండలిని 1865 నుంచి పూర్వ విద్యార్థులే ఎన్నుకుంటున్నారు. ఆక్స్‌ఫర్డ్‌లో 2024లో పట్టభద్రులు తమ ఛాన్సలర్‌ను ఓటు వేసి ఎంచుకున్నారు. అంత దూరం పోనక్కరలేకుండానే మన చట్టసభ మనకు దారి చూపిస్తోంది.

ఎన్నికలు పెడితే కులం, పార్టీ, ముఠాలు ప్రవేశిస్తాయని, ఓటర్ల జాబితాలో పేర్లు చేర్పించగలిగినవాడిదే గెలుపవుతుందని, ఓటు వేసేవారు కొద్దిమందే ఉంటారని అభ్యంతరం చెప్పేవారున్నారు. వారి అనుభవాన్ని తీసిపారేయను, పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో ఇవన్నీ మనం చూస్తున్నవే. కానీ నామినేషన్ పద్ధతిలో కులమూ పార్టీ లేవని చెప్పగలవారు ఎవరైనా ఉన్నారా? ఎన్నికైనవాడిని తర్వాతి ఎన్నికలో దించవచ్చు. నామినేట్ అయినవాడిని దించే అధికారం నామినేట్ చేసినవారి దగ్గరే ఉంటుంది.

ఈ హక్కు అడిగే ముందు సంఘాలు తమ ఇల్లు తాము చక్కబెట్టుకోవాలన్నది కూడా అంతే నిజం. ఇరవై ఏళ్ళుగా ఒకే అధ్యక్షుడు ఉన్న సంఘాలు, సభ్యుల జాబితా కార్యదర్శి బీరువా దాటి బయటకు రాని సంఘాలు మన మధ్య ఉన్నాయి. సొసైటీల చట్టం ప్రకారం ఏటా రిజిస్ట్రార్‌కు సమర్పించవలసిన కార్యవర్గ జాబితాను కూడా కొందరు పంపరు. స్వచ్ఛంద సేవ చేస్తున్నాం కదా, మమ్మల్ని లెక్కలు అడగడమేమిటని నొచ్చుకునేవారిని నేను స్వయంగా చూశాను. రెండు పదవీకాలాల పరిమితి, ఆడిట్ అయిన లెక్కలను సభ్యులందరికీ పంపడం, ఈ రెండూ లేని సంఘానికి పాలకమండలిలో చోటు అడిగే నైతిక బలం ఉండదు.

అసలు ప్రశ్న సంఘాల కంటే పెద్దది. రాష్ట్ర విశ్వవిద్యాలయం ప్రభుత్వ శాఖా, ప్రజల సంస్థా? 2024లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారగానే వీసీలు వరుసగా రాజీనామాలు చేశారు. అదే ఏడాది తెలంగాణలో వీసీల పదవీకాలం ముగిశాక నెలల తరబడి ఐఏఎస్ అధికారులే ఇన్‌ఛార్జులుగా విశ్వవిద్యాలయాలను నడిపారు. ఈ రెండు సందర్భాలలోనూ విశ్వవిద్యాలయం తరఫున, ఏ ప్రభుత్వం చేతా నియమితుడు కాకుండా మాట్లాడగల మనిషి పాలకమండలిలో ఎవరూ లేరు. ఉద్యోగులకు సర్వీసు నిబంధనలు అడ్డు, విద్యార్థులు రెండు మూడేళ్ళలో వెళ్ళిపోతారు. జీవితాంతం ఆ సంస్థ పేరు మోస్తూ, దాని నుంచి జీతం తీసుకోనివాడు పట్టభద్రుడొక్కడే. 1930లో శాసనోల్లంఘన ఉద్యమం మీద ప్రభుత్వ దమనకాండకు నిరసనగా కట్టమంచి రామలింగారెడ్డి ఆంధ్ర విశ్వవిద్యాలయ వైస్ ఛాన్సలర్ పదవిని వదిలేశారు. ప్రభుత్వానికి ఎదురు నిలవగల ధైర్యం విశ్వవిద్యాలయంలో ఉండాలని మనం నిజంగా కోరుకుంటే, ప్రభుత్వం ఇవ్వనిదీ తీసేయలేనిదీ అయిన స్థానాలు పాలకమండలిలో కొన్నయినా ఉండాలి.

అందుకు కావలసింది 1991 చట్టానికి చిన్న సవరణ. ప్రతి పాలకమండలిలో రిజిస్టర్డ్ గ్రాడ్యుయేట్లు ఎన్నుకున్న ఇద్దరు సభ్యులు ఉండాలి, వారిలో ఒకరు మహిళ కావాలి. సమావేశం ముందు అంశం ఉంచే హక్కు, విరాళాల ఖాతాను చూసే హక్కు వారికి చట్టంలోనే రాసి ఇవ్వాలి. ఓటర్ల జాబితా కోసం ప్రత్యేక యంత్రాంగం కూడా అక్కరలేదు. స్నాతకోత్సవ పట్టా కోసం దరఖాస్తు చేసే ప్రతి విద్యార్థీ పేరు, చిరునామా, ఫోన్ నంబరు అందులో రాస్తారు. అదే దరఖాస్తులో పట్టభద్రుల జాబితాలో చేరతారా అని అడిగే ఒక గడి ఈ ఏడాది నుంచే చేర్చవచ్చు, దానికి శాసనసభ సమావేశాల దాకా ఆగనక్కరలేదు. ఆ జాబితా సిద్ధంగా ఉంటే, చట్ట సవరణ అడగడానికి వెళ్ళే సంఘ నాయకుల చేతిలో దండలూ శాలువాలూ కాక వేల మంది ఓటర్ల పేర్లు ఉంటాయి.