సరిగ్గా తూచినా కోత పడుతుంది

ఆన్‌లైన్‌లో అమ్ముకునేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "కొరియర్ ఛార్జీ ఎక్కువ పడిందంటే తప్పు మనదే. ఇంట్లో సరిగ్గా తూచి రాస్తే రూపాయి కూడా అదనంగా పడదు. హబ్‌లో, అంటే కొరియర్ వాళ్లు పార్సిళ్లు పోగుచేసే చోట, తూచేది మిషన్, అది తప్పు చెప్పదు. గొడవపడి లాభం లేదు, ఆ ఖర్చు కస్టమర్ మీద వేసేయండి" అని. కొత్తవాళ్లు ఇది నమ్మి, డబ్బు పోతున్నా నోరు మెదపడం లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మొదటి మాటే తప్పు. కొరియర్ కంపెనీలు బరువుతో పాటు పెట్టె ఎంత చోటు ఆక్రమిస్తుందో కూడా చూస్తాయి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో హెచ్చవేసి, చాలా కంపెనీలు 5000తో భాగిస్తాయి. వచ్చేది వాల్యూమెట్రిక్ బరువు. అసలు బరువు, ఈ బరువు, రెండిట్లో ఏది ఎక్కువైతే దానికే బిల్లు. నేను అమ్మేది కొండపల్లి బొమ్మలు. తెల్లపొణికి కర్ర ఎంత తేలికో చేత్తో పట్టుకున్నవాళ్లకు తెలుసు. నా దశావతారాల సెట్టు పెట్టెతో కలిపి 900 గ్రాములు. పెట్టె కొలతలు 30, 25, 20. లెక్క కడితే 3 కిలోలు! త్రాసు చూసి కిలో అని రాసినవాళ్లు మోసం చేసినట్టు కాదు, ఆ లెక్క వాళ్లకెవరూ చెప్పలేదు.

పోనీ, కొలిచి మరీ రాశామనుకోండి. బొమ్మల చేతులు విరగకుండా బబుల్ షీట్ కుక్కుతాం, పెట్టె ఉబ్బుతుంది. పొడవు, వెడల్పు, ఎత్తు ఒక్కొక్క సెంటీమీటరు పెరిగినా 3.39 కిలోలు అవుతుంది. అర కిలో శ్లాబుల్లో, అంటే అర కిలో చొప్పున పెంచుతూ బిల్లు వేసేచోట, అది 3.5 కిలోల లెక్కలోకి పోతుంది. పైన 18 శాతం జీఎస్‌టీ.

మిషన్ సంగతికి వస్తే, దసరా బొమ్మల కొలువుల ముందు ఒకే రోజు ఒకే సైజు పెట్టెలు మూడు పంపాను. రెండింటికి 3 కిలోల బిల్లు, మూడోదానికి 6 కిలోలు. రుజువు చూపించమంటే వాళ్లు పంపిన ఫొటోలో నా పెట్టెను ఆనుకుని ఇంకెవరిదో పార్సిల్ ఉంది. రెండూ కలిపి కొలిచేసింది. అసలు మిషన్ తప్పే చెప్పకపోతే, వ్యాపారానికి వాడే తూనిక యంత్రాలను తనిఖీ చేసి ముద్ర వేయాలని 2009 లీగల్ మెట్రాలజీ చట్టం ఎందుకు పెడుతుంది?

కస్టమర్ మీద వేయడం అయ్యే పని కాదు. ఈ కోత చాలాసార్లు పార్సిల్ చేరిన తర్వాత మన వాలెట్లో, అంటే కొరియర్ ఛార్జీల కోసం మనం ముందే డబ్బు వేసి ఉంచే ఖాతాలో, పడుతుంది. డబ్బు కట్టేసిన మనిషిని మళ్లీ ఎలా అడుగుతాం? క్యాష్ ఆన్ డెలివరీ పార్సిల్ వెనక్కొస్తే ఇంకా ఘోరం, తిరుగు ఛార్జీ కూడా ఆ తప్పుడు బరువుకే పడుతుంది.

గొడవపడితే లాభం ఉంది. ఆ మూడో పెట్టె డబ్బు నాకు వెనక్కి వచ్చింది. పికప్‌కి ముందు మూడు వైపులా కొలత టేపు పెట్టి, త్రాసు మీద పెట్టి, లేబుల్ మీది నంబరు కనపడేలా తీసిన ఫొటోలే పనిచేశాయి. అభ్యంతరం చెప్పడానికి చాలా చోట్ల వారం రోజులే గడువు. దాటితే మీరు ఒప్పుకున్నట్టే లెక్క. ఈ రోజే వాలెట్ స్టేట్‌మెంట్ తెరిచి, మీరు రాసిన బరువు, వాళ్లు వేసిన బరువు పక్కపక్కన పెట్టి చూసుకోండి.