పుట్టని చెత్తకూ లెక్కుంది

కేంద్ర ప్రభుత్వం 2015 జూన్‌లో స్మార్ట్ నగరాల పథకాన్ని ప్రారంభించినప్పుడు, పారేసిన వస్తువే మళ్లీ సరుకై తిరిగొచ్చే చక్రీయ ఆర్థిక వ్యవస్థకు మన వీధుల్లో సాంకేతికత లోపించిందని చింతించినవారిలో నేనూ ఒకణ్ణి. ఎంపికైన 100 నగరాల్లోనూ నగర సేవలన్నింటినీ ఒకేచోట తెరలపై గమనించే కమాండ్ కంట్రోల్ కేంద్రాలు వెలిశాయి కనుక ఆ చింత తీరిందని సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

మా గేటు పక్క గోడకు క్యూఆర్ కోడ్ అంటించారు. చెత్త తీసుకున్న కార్మికుడు దాన్ని స్కాన్ చేస్తే, ఎక్కడో గోడంత తెరపై మా ఇల్లు పచ్చ చుక్కగా వెలుగుతుందట. సంక్రాంతికి ఇంటికి తాళం వేసి పది రోజులు ఊరెళ్లాం. పది రోజులూ ‘మీ చెత్త సేకరించబడింది, ధన్యవాదాలు’ అన్న సందేశం తప్పలేదు. ఉన్న చెత్తను ఎత్తడం ఏ మునిసిపాలిటీకైనా చేతనవుతుంది గానీ, పుట్టని చెత్తను సైతం సేకరించడం డిజిటల్ పాలనకే చెల్లింది. (వీధిలోని కోడ్‌లన్నింటినీ ఫొటోలు తీసిపెట్టుకుని, టీ కొట్టు దగ్గర ఒక్కొక్కటే స్కాన్ చేస్తున్న దృశ్యం తర్వాత నా కంటపడింది. లెక్క తగ్గితే కోత పడేది ఆ కార్మికుడి జీతంలోనే గనుక అతణ్ణి తప్పుపట్టలేను.)

తడి, పొడి, ప్రమాదకర చెత్తలను ఇంట్లోనే వేరు చేయాలని 2016 నాటి నిబంధనలు చెప్పాయి. మా అమ్మ శ్రద్ధగా వేరు చేస్తుంది. ఆటోలో మూడూ ఏకమవుతాయి. యాప్‌లో మాత్రం మూడు రంగుల్లో విడివిడిగానే ఉంటాయి.

పై స్థాయిలోనూ ఇదే నిష్ఠ. ప్లాస్టిక్‌ను మార్కెట్లోకి వదిలిన కంపెనీలు దాన్ని రీసైకిల్ చేయించినట్టు పోర్టల్‌లో సర్టిఫికెట్లు చూపాలి; 2023లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తనిఖీ చేస్తే వాటిలో లక్షలకొద్దీ నకిలీవని తేలింది. ప్లాస్టిక్ తిరగకపోతేనేం, సర్టిఫికెట్ తిరిగింది కదా.

ఇంతటి ప్రగతికి లొంగనివాడు పాత సామాన్లవాడు ఒక్కడే. ‘పాత ఇనుము, పాత పేపర్లు, పగిలిన ప్లాస్టిక్ కొంటాం’ అని మైకులో రికార్డు వేసుకుని తోపుడుబండితో వస్తాడు. ఏ తెరపైనా అతని చుక్క వెలగదు. మొన్న ఆదివారం మా పేపర్ల కట్టను కాటాకు తగిలించాడు.

“మూడు కిలోలమ్మా.”

“పోయిన నెల ఇంతే కట్ట నాలుగు తూగింది. ముల్లు సరిగ్గా చూడవయ్యా.”

బేరం తెగాక, చిల్లర లేదంటూ గోడమీది కోడ్‌కు ఫోన్ ఎదురుపెట్టి డబ్బు పంపబోయాడు. రెండుసార్లు ప్రయత్నించాడు.

“ఇది పనిచెయ్యట్లేదమ్మా” అని, చొక్కా జేబులోంచి నలిగిన నోట్లు తీసి లెక్కపెట్టి ఇచ్చి, కట్టను బండిమీదికెత్తుకుని వెళ్లిపోయాడు.