విరాళంలో వాటా ఇస్తామంటే వద్దనాలి

‘ఇప్పుడు మీకు ఇచ్చేంత డబ్బు మా దగ్గర లేదు. విరాళాలు అడుగుతూ మీరు రాసిన లేఖ వల్ల ఎంత వస్తే అందులో ఇంత శాతం మీది.’ చిన్న సేవాసంస్థలకు కంటెంట్ రాసే ఫ్రీలాన్సర్లకు ఈ బేరం కొత్త కాదు. అడిగేవాళ్లకు చెడ్డ ఉద్దేశమేమీ ఉండదు. ఉన్నదాంట్లోనే సర్దుకోవాలి, ముందస్తు ఖర్చంటే టెన్షన్. అయినా రచయిత దీనికి ఒప్పుకోకూడదని నా గట్టి అభిప్రాయం. ఈ బేరంలో ఎక్కువ నష్టపోయేది ఆ లేఖలో ఎవరి కథ ఉంటుందో ఆ మనిషి.

మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ స్లోవిక్ మరో ఇద్దరు పరిశోధకులతో కలిసి 2007లో ప్రచురించిన అధ్యయనం చూస్తే ఇది అర్థమవుతుంది. చేతిలో ఐదు డాలర్లున్న వాళ్లలో కొందరికి ఆఫ్రికాలో ఆకలి గురించిన అంకెలు చూపించారు. కొందరికి మాలీ దేశపు ఏడేళ్ల పాప రోకియా గురించి చెప్పారు. అంకెలు చదివినవాళ్లు సగటున 1.14 డాలర్లు ఇచ్చారు, పాప గురించి చదివినవాళ్లు 2.38 ఇచ్చారు. పాప కథకు అంకెలు కూడా జోడిస్తే విరాళం 1.43కి పడిపోయింది.

అంటే ఒక్క మనిషి కష్టానికి అంత బలం ఉంది. ఆ బలం రచయిత చేతిలో పెట్టి, వచ్చినదాంట్లో వాటా కూడా ఇస్తామంటే ఏమవుతుంది? ‘ఒక పూట తింటున్నారు’ అన్నది ‘రోజులుగా పస్తులు’ అవుతుంది. అబద్ధం రాయాలని ఎవరూ కూర్చోరు. ఒక్కో మాటా కొంచెం కొంచెం జరుగుతుంది, అంతే. విరాళాల సేకరణ వృత్తిలో ఉన్నవారి అంతర్జాతీయ సంఘం ఏఎఫ్‌పీ తన నీతి నియమావళిలో విరాళాల్లో శాతం తీసుకోవడాన్ని నిషేధించింది. చిన్న సంస్థలు ఈ నియమం తమకు కాదనుకోవడం పొరపాటు.

పదానికి ఇంత అని లెక్కగట్టడం కూడా నాకు నచ్చదు. ఈ పనిలో రాయడం చివరి మెట్టు. ‘ఇంతమందికి కుట్టుపని నేర్పాం’ అని రిపోర్టులో ఉంటుంది. నేర్చుకున్నాక ఏం మారిందో రిపోర్టులో ఉండదు, రోజూ వాళ్ల మధ్య తిరిగే కార్యకర్తకు తెలుస్తుంది. ఆవిడతో గంట కూర్చోవాలి. ఆవిడ చెప్పిన మనిషి దగ్గరికి వెళ్లాలి, ఆ మనిషి మాట్లాడటానికి ఇష్టపడాలి. వార్షిక నివేదికలో ఫొటో వేసుకోమన్న మహిళ, అదే ఫొటో కింద ‘దిక్కులేని’ అని రాసి విరాళాలు అడగమని చెప్పలేదు కదా! ఆ రెండు చోట్లకీ రెండు సార్లు అడగాల్సిందే. అక్కర్లేదనుకుంటే వద్దనే హక్కు ఆవిడకుందని, వద్దన్నా సంస్థ చేసే సాయం ఆగదని ముందే చెప్పాలి. ఈ సమయమంతా ఏ పదాల లెక్కలోకి వస్తుంది?

‘రాతకు డబ్బు పెడితే దాతలు ఏమంటారో’ అనే భయం నిజమైనదే. కానీ అమెరికా సంస్థలు గైడ్‌స్టార్, చారిటీ నావిగేటర్, బీబీబీ వైజ్ గివింగ్ అలయన్స్ కలిసి 2013లో దాతలకు బహిరంగ లేఖ రాశాయి. నిర్వహణ ఖర్చు శాతాన్ని ఒక్కదాన్నే చూసి సంస్థ పనితీరును తూచవద్దని కోరాయి. స్వచ్ఛంద సంస్థల మంచిచెడ్డలు చూసేవాళ్లే ఆ మాట అన్నారు.

నిజంగా డబ్బు తక్కువుంటే పని తగ్గించుకోవచ్చు. నెలకు ముప్పై పోస్టులు అక్కర్లేదు. మొదటిసారి డబ్బు పంపిన మనిషికి చాలాచోట్ల రసీదు ఒక్కటే వెళ్తుంది. దాని బదులు ఆ డబ్బు ఏ పనికి వెళ్లిందో చెప్పే ఒక మంచి కృతజ్ఞతా లేఖ రాయించుకోండి. రచయిత ఉచితంగా చేస్తానంటే అదీ మంచిదే, కానీ ఎంత పని, ఎన్ని సవరణలు అన్నది కాగితం మీద ఉండాలి. అదే కాగితంలో ఇంకో వాక్యం కూడా చేర్చమంటాను: కథ ఎవరిదో వాళ్లకు చిత్తుప్రతి చదివి వినిపించాలి, అందుకు పట్టే రోజులకూ ఫీజు ఉంటుంది.