సవరణ: డన్‌మోర్ అనాస గోపురం

స్కాట్లండ్‌లోని డన్‌మోర్ ఎస్టేట్ ప్రహరీ తోట గురించి రాసిన గత వ్యాసంలో, అక్కడి అనాసపండు ఆకారపు రాతి గోపురం లోపలే అనాసలు పండించేవారని ఉంది. అది సరికాదు. గోపురం లోపలిది ప్రభువులు కాలక్షేపానికి కట్టుకున్న వేసవి విడిది. పండ్లు పండింది ఇరుపక్కలా గోడకు ఆనించి కట్టిన అద్దాల గదుల్లో. ఆ గోడ లోపల బోలు. కొలిమి నుంచి వేడిగాలి అందులో పారేది. పైన అలంకారంగా కనిపించే నాలుగు రాతి కలశాలూ నిజానికి పొగగొట్టాలు!

ద్వారం మీద చెక్కిన 1761ని గోపురానికీ అంటగట్టడం తొందరపాటే. ఎస్టేట్ యజమాని జాన్ మర్రే ప్రభువు అమెరికాలోని వర్జీనియా గవర్నరు పదవి ముగించుకుని వచ్చాకే దాన్ని చేర్చారన్న అభిప్రాయమూ ఉంది. మేస్త్రీల పనితనం మాత్రం అబ్బురమే: ఒక్కో రాతి ఆకు మీది నీరు ఎక్కడా నిలవకుండా విడివిడిగా జారిపోతుంది. నిలిస్తే మంచు కట్టి రాయి పగిలేది.