రెండూ వేరు, రెండే వేరు: "వలయాలు మానండి" సందేశానికి జవాబు

గ్రూప్స్, కానిస్టేబుల్ పరీక్షలకు చదువుకునే పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో కొన్ని వారాలుగా ఒక సందేశం తిరుగుతోంది. అనంతపురంలో నా దగ్గర లెక్కలు నేర్చుకునేవారే పదిమంది దాకా నాకు పంపి, "ఇది నిజమేనా మేడమ్?" అని అడిగారు. సందేశం సారాంశం ఇది: "వెన్ చిత్రాలు గీస్తూ సమయం పాడుచేసుకోవద్దు. ఒక్క సూత్రం చాలు. మూడు గుంపులనూ కూడండి, రెండేసి గుంపుల ఉమ్మడి సంఖ్యలను తీసేయండి, మూడింటి ఉమ్మడి సంఖ్యను కలపండి. ఎలాంటి లెక్కయినా పది సెకన్లలో తేలిపోతుంది. 'మాత్రమే' అని ఉన్నా లేకపోయినా తేడా లేదు. ఉమ్మడి సంఖ్య ఇవ్వకపోతే 'సమాచారం చాలదు' అని పెట్టేయండి. నాలుగు గుంపులైతే వలయాలు ఎలాగూ పనిచేయవు." కింద ఒక ఉదాహరణ, దానికి జవాబు. (వెన్ చిత్రాలంటే ఒక్కో గుంపుకు ఒక్కో వలయం చొప్పున, ఒకదాని మీద ఒకటి పడేలా గీసే బొమ్మలు.)

ఇందులో కొంత నిజం ఉంది. అందుకే పిల్లలు నమ్ముతున్నారు, అందుకే నేను కూర్చుని ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందుగా "ఒక్క సూత్రం చాలు" అన్న మాట. సూత్రం తప్పు కాదు. బడిలో సమితుల పాఠంలో రెండు సమితుల సమ్మేళనానికి నేర్చుకున్నదే, మూడో సమితికి పొడిగించారు. అయితే అందులో తీసేయడం ఎందుకో, చివర్లో మళ్ళీ కలపడం ఎందుకో అడిగితే సందేశం దగ్గర జవాబు లేదు. బొమ్మ దగ్గర ఉంది. మా జిల్లా పొలాన్నే తలచుకోండి. వేరుశనగ సాళ్ల మధ్య అక్కడక్కడా ఒక కంది సాలు, గట్టు వెంట ఆముదం. మూడూ వేసిన రైతు ఒకాయన ఉన్నాడు. వేరుశనగ వేసినవారిని లెక్కపెట్టినప్పుడు ఆయనను పిలిచాం, కందికి పిలిచాం, ఆముదానికీ పిలిచాం. మూడుసార్లు పిలిచాం. తర్వాత వేరుశనగ-కంది జతను తీసేసినప్పుడు ఒకసారి పంపించాం, కంది-ఆముదం జతతో ఇంకోసారి, వేరుశనగ-ఆముదం జతతో మూడోసారి. మూడుసార్లు వచ్చి మూడుసార్లు వెళ్లిన మనిషి ఇప్పుడు లెక్కలోనే లేడు. అందుకే చివర్లో ఆయనను మళ్ళీ ఒకసారి పిలవాలి. సూత్రంలోని ఆ చివరి కూడిక అదే. మూడు వలయాలూ కలిసే నడిమి గదిలో వేలు పెట్టి ఈ మాట ఒక్కసారి చెప్పుకుంటే సూత్రాన్ని బట్టీ పట్టనక్కరలేదు.

పైగా ఆ సూత్రం జవాబు చెప్పేది ఒకే ప్రశ్నకు: కనీసం ఒక గుంపులోనైనా ఉన్నవారు ఎందరు? పరీక్షల్లో అడిగేది అదొక్కటే కాదు. కచ్చితంగా రెండు పంటలు వేసినవారు ఎందరు, కనీసం రెండు వేసినవారు ఎందరు, ఆముదం మాత్రమే వేసినవారు ఎందరు, ఏదీ వేయనివారు ఎందరు అని అడుగుతారు. ఒక్కో ప్రశ్నకు ఒక్కో సూత్రం కంఠస్థం చేస్తే పరీక్ష గదిలో అవి ఒకదాని మీద ఒకటి పడతాయి. మూడు వలయాల్లో ఏడు గదులు, బయట ఒకటి, మొత్తం ఎనిమిది. ఎనిమిదీ నింపిన తర్వాత ప్రశ్న ఎటునుంచి వచ్చినా కావలసిన గదులు కూడుకోవడమే.

వలయాలను తర్కంలో వాడినవారు, ఈ బొమ్మలకు పేరు తెచ్చిన వెన్‌కు ముందే ఉన్నారు. 1760ల మొదట్లో గణితవేత్త ఆయిలర్ ఒక జర్మన్ యువరాణికి రాసిన లేఖల్లో అవి కనిపిస్తాయి. 1880లో జాన్ వెన్ చేసిన కొత్త పని వేరు. ఉన్న సంబంధాన్ని మాత్రమే గీయకుండా, ఉండగల గదులన్నీ ముందే గీసి, వాటిలో ఏది ఖాళీయో తర్వాత గుర్తించమన్నాడు. ఏ గదినీ మరచిపోనివ్వకపోవడమే ఆ బొమ్మ బలం. సూత్రం ఆ కాపలా కాయదు.

ఇక "మాత్రమే ఉన్నా లేకపోయినా తేడా లేదు" అన్న మాట. నన్ను నిజంగా బాధపెట్టింది ఇదే. సందేశంలోని ఉదాహరణనే తీసుకుందాం. ఊరిలో 120 మంది రైతులు. వేరుశనగ వేసినవారు 70, కంది 50, ఆముదం 40. వేరుశనగ, కంది మాత్రమే వేసినవారు 20. కంది, ఆముదం మాత్రమే 15. వేరుశనగ, ఆముదం మాత్రమే 12. మూడూ వేసినవారు 5. ఏదీ వేయనివారు ఎందరు? సందేశం చేసిన లెక్క: 70, 50, 40 కలిపితే 160; అందులో 47 తీసేస్తే 113; 5 కలిపితే 118; కాబట్టి జవాబు 2.

తప్పు. జవాబు 17.

వలయాలు గీసి చూడండి. నడుమ 5. రెండు వలయాలు మాత్రమే కలిసే గదిని రేకు అందాం. వేరుశనగ-కంది రేకులో 20, కంది-ఆముదం రేకులో 15, వేరుశనగ-ఆముదం రేకులో 12. "మాత్రమే" అన్నారు కాబట్టి ఈ సంఖ్యలు ఉన్నవి ఉన్నట్టే రేకుల్లోకి వెళ్తాయి. వేరుశనగ వలయంలో మొత్తం 70 మంది ఉండాలి. 20, 12, 5 పోగా వేరుశనగ ఒక్కటే వేసినవారు 33. కంది ఒక్కటే 10, ఆముదం ఒక్కటే 8. అన్నీ కలిపితే 103. 120లో 103 పోతే 17.

ఆ "మాత్రమే" లేకుంటే, అంటే "వేరుశనగ, కంది రెండూ వేసినవారు 20" అని ఉంటే, ఆ 20లో మూడూ వేసిన 5 మంది కూడా ఉన్నారు. రేకులోకి వెళ్లేది 15 మాత్రమే. మిగిలిన రేకుల్లో 10, 7. అప్పుడు మొత్తం 118, ఏదీ వేయనివారు 2. సందేశం చెప్పిన జవాబు ఈ రెండో లెక్కకు సరిపోతుంది, తాను ఇచ్చిన లెక్కకు కాదు.

ఈ తేడాను మన భాష ఒక్క అచ్చుతో చెబుతుంది. "రెండూ వేసినవారు" అంటే మూడోదీ వేసి ఉండవచ్చు. "రెండే వేసినవారు" అంటే మూడోది వేయలేదు. ఊకారానికీ ఏకారానికీ మధ్య ఈ లెక్కలో 15 మంది రైతులున్నారు. తెలుగులో పుట్టి పెరిగిన పిల్లలకు ఈ తేడా చెవికే తెలుస్తుంది, దాన్ని చెరిపేసుకోమని చెప్పడం అన్యాయం. తెలుగు ప్రశ్నలో అనుమానం వస్తే పక్కనున్న ఇంగ్లీషు ప్రశ్ననూ చదవండి. అనువాదంలో ఆ చిన్న మాట ఎక్కడైనా జారి ఉండవచ్చు. మన ఆంధ్రప్రదేశ్ గ్రూప్-2లో తప్పు జవాబుకు మార్కులో మూడో వంతు కోత ఉంది. ఒక అచ్చును పట్టించుకోనందుకు రావలసిన మార్కు పోతుంది, ఉన్నదాంట్లోనూ కోత పడుతుంది.

"ఉమ్మడి సంఖ్య ఇవ్వకపోతే సమాచారం చాలదు" అన్నదానికి ఎక్కువ చెప్పనక్కరలేదు. 100 ఇళ్లలో 85 ఇళ్లకు ఆవులు, 70 ఇళ్లకు గొర్రెలు ఉన్నాయి. రెండూ ఉన్న ఇళ్లు సరిగ్గా ఎన్ని అని అడిగితే, అవును, సమాచారం చాలదు. కనీసం ఎన్ని అని అడిగితే చాలుతుంది. ఆవులు లేనివి 15, గొర్రెలు లేనివి 30. ఈ రెండు గుంపులూ ఎక్కడా కలవకపోయినా ఏదో ఒకటి లేని ఇళ్లు 45 దాటవు. కాబట్టి రెండూ ఉన్నవి 55కు తగ్గవు. గరిష్ఠంగా 70, ఎందుకంటే గొర్రెలున్న ఇళ్లే అన్ని. రెండు వలయాలను దగ్గరికి, దూరానికి జరిపి చూస్తే ఇది కంటికే కనిపిస్తుంది. ప్రశ్నలో "కనీసం", "గరిష్ఠంగా" అన్న మాటలుంటే "సమాచారం చాలదు" అన్న ఆప్షన్ జోలికి తొందరపడి వెళ్లకండి.

నాలుగు గుంపుల సంగతి. ఇక్కడ సందేశం చెప్పింది సగం నిజం, ఒప్పుకుంటాను. నాలుగు గుంపులకు బయటి భాగంతో కలిపి 16 గదులు కావాలి. నాలుగు వృత్తాలను ఎంత తిప్పి గీసినా 14కు మించి రావు. ఈ ఇబ్బంది వెన్‌కు తెలుసు. 1880లోనే నాలుగింటికి దీర్ఘవృత్తాలు గీశాడు. చేతకానిది వృత్తానికే, పద్ధతికి కాదు. నేనైతే పిల్లలకు నాలుగు గుంపులప్పుడు రెండు గుంపుల్లో ఉండటం, లేకపోవడాలకు 4 అడ్డ వరుసలు, మిగతా రెండింటికి 4 నిలువు వరుసలు ఉన్న పట్టిక గీయమంటాను. 16 గడులు సరిగ్గా సరిపోతాయి. మరి సందేశం నమ్ముకున్న సూత్రం నాలుగింటికి ఎలా ఉంటుందో చూశారా? గుంపులు 4, జతలు 6, మూడేసివి 4, నాలుగూ కలిసింది 1. మొత్తం 15 సంఖ్యలు, కూడికలు తీసివేతలు మారుతూ. పట్టికే సులువు.

చివరిది, పది సెకన్లు. రెండు గుంపుల మామూలు లెక్కయితే నేనూ బొమ్మ గీయను, మనసులోనే చేస్తాను. అందులో తప్పేమీ లేదు. మూడు గుంపులకు మాత్రం వేగం ఒక్కటే చూసుకుంటే ఏం పోతుందో ఈ మధ్యే మా తరగతిలో చూశాం.

ఒక అభ్యాస పుస్తకంలోని లెక్క. 100 మంది రైతులు. వేరుశనగ 60, కంది 45, ఆముదం 30. వేరుశనగ, కంది రెండూ వేసినవారు 25; కంది, ఆముదం రెండూ 20; వేరుశనగ, ఆముదం రెండూ 18. మూడూ వేసినవారు 3. ఏదీ వేయనివారు ఎందరు? సూత్రం వేసిన వారందరికీ వెంటనే 25 వచ్చింది. 135లో 63 పోగా 72, 3 కలిపితే 75, మిగిలింది 25. ఆప్షన్లలో 25 ఉంది కూడా. పెట్టేశారు.

కళ్యాణదుర్గం నుంచి రోజూ బస్సులో వచ్చే ఒక అమ్మాయి మాత్రం తలెత్తలేదు. రఫ్ కాగితం మీద మూడు వలయాలు, నడుమ 3, రేకుల్లో 22, 17, 15. ఆముదం వలయం దగ్గర పెన్సిల్ ఆగిపోయింది. "మేడమ్, ఆముదం ఒక్కటే వేసినవారు మైనస్ ఐదుగురు వస్తున్నారు" అంది, తానే ఏదో తప్పు చేసినట్టు. నేను దగ్గరికి వెళ్లి చూశాను. 17, 15, 3 కలిపితే 35. ఆముదం వేసినవారు 30 మందే. తప్పు ఆమెది కాదు.

"మరి ఎంతుంటే సరిపోతుందమ్మా?" అని అడిగాను. కాసేపు లెక్క వేసింది. ఆముదం వలయంలో పట్టాలంటే మూడూ వేసినవారు 8 మందికి తగ్గకూడదంది. 3 కొట్టేసి 8 రాసింది. రేకులు 17, 12, 10 అయ్యాయి. వేరుశనగ ఒక్కటే 25, కంది ఒక్కటే 8, ఆముదం ఒక్కటే సున్నా. మొత్తం 80, ఏదీ వేయనివారు 20. పుస్తకం చివర జవాబుల పేజీ తిప్పి చూశాం. అక్కడ 20 అనే ఉంది. అచ్చులో 8 కాస్తా 3 అయింది.